632 ఏళ్ళ ప్రాజెక్టు

సుమారు నాలుగు వందల ఏళ్ళ పాటు జర్మనీలోని కొలోన్ నగరానికి గుర్తు ఒక క్రేను. నిజంగానే. ఆ కాలంలో ఆ ఊరి బొమ్మ ఎవరు గీసినా రైన్ నది, ఒడ్డున ఇళ్ళు, చర్చిలు, వాటి మధ్య సగం కట్టి వదిలేసిన ఓ రాతి టవరు, దాని నెత్తిమీద కొంగమెడలా వంగిన ఓ చెక్క క్రేను గీసేవారు. తాత చూశాడు, తండ్రి చూశాడు, కొడుకు చూశాడు, మనవడూ చూశాడు. క్రేను అక్కడే ఉంది. పని మాత్రం జరగలేదు.

ఆ టవరు కొలోన్ కెథడ్రల్‌ది. పునాదిరాయి పడింది 1248 ఆగస్టు 15న. చక్రవర్తి ఎదుట పూర్తయిందని పండగ చేసుకున్నది 1880 అక్టోబరు 15న. లెక్కేస్తే 632 ఏళ్ళ రెండు నెలలు. మన చరిత్ర పక్కన పెట్టి చూస్తే ఆ దూరం ఇంకా బాగా తెలుస్తుంది. పునాది వేసిన ఏడాది ఓరుగల్లులో గణపతిదేవుడు రాజ్యం చేస్తున్నాడు. పని పడకేసే నాటికి విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయల చివరి రోజులు. పూర్తయిన మరుసటి ఏడాది రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. కాకతీయుల నుంచి కందుకూరి దాకా ఒకటే బిల్డింగు! డెడ్‌లైను రెండు వారాలు జరిగితేనే ఎస్కలేషన్ మెయిళ్ళు అందుకునే మనబోటి వాళ్ళకి ఇది కాస్త ఓదార్పు :)

అయితే నేను చెప్పదలుచుకున్నది ఆలస్యం గురించి కాదు. ఆలస్యం ఎవరైనా చేస్తారు. మొదలుపెట్టిన వాళ్ళకీ పూర్తిచేసిన వాళ్ళకీ మధ్య మూడొందల ఏళ్ళ ఖాళీ ఉంటే, చివరికి తయారైంది ఎవరిది? ఇదీ నా ప్రశ్న. డ్రాయింగు మారలేదు. క్లయింటు మారాడు. ఒకసారి కాదు, చాలాసార్లు.

ఆన్‌సైటు పని మీద జర్మనీలో ఉన్న రోజుల్లో ఓ శనివారం రైలెక్కి కొలోన్ వెళ్ళాను. కెథడ్రల్‌ని వెతుక్కోవాల్సిన పనే లేదు. స్టేషన్లోంచి బయటికి అడుగు పెడితే ఎదురుగా అదే, ఆకాశం కనపడనీయకుండా. మెడ ఎంత వెనక్కి వంచినా రెండు టవర్ల కొసలూ ఒకేసారి కంటికి ఆనవు. 157 మీటర్ల ఎత్తు. మసిపట్టిన నల్లటి రాయి. ఊళ్ళోవాళ్ళు ముద్దుగా 'డోమ్' అంటారు. దక్షిణం వైపు టవరుకి టిక్కెట్టు కొనుక్కుని 533 మెట్లు ఎక్కితే ఊరంతా కనపడుతుంది (మోకాళ్ళు ఎక్కడున్నాయో కూడా బాగా తెలుస్తుంది). అక్కడ ఫోటోలు దిగే వాళ్ళలో చాలామంది దాన్ని చూసి "అబ్బా, ఆ మధ్యయుగం వాళ్ళు ఎలా కట్టారో!" అనుకుంటారు. ఆ ఎదురుగా కనపడే టవర్లలో, దక్షిణపు దాని కింది భాగం తీసేస్తే, దాదాపు అంతా 19వ శతాబ్దపు పనే. ఆవిరి రైళ్ళు పక్కనే కూతలు పెడుతుండగా కట్టినది. స్టేషను 1859లో వచ్చింది. టవర్లు ఆ తర్వాత పూర్తయ్యాయి. అంటే ఆ ముఖద్వారం కంటే ఆ రైల్వే స్టేషనే పెద్దదన్నమాట, వయసులో!

సరే, కథ మొదటినుంచి చూద్దాం.

మొదటి క్లయింటు ఆర్చ్‌బిషప్పు. ఏసుక్రీస్తు పుట్టినప్పుడు తూర్పు దేశం నుంచి ముగ్గురు జ్ఞానులు కానుకలు తెచ్చారని బైబిల్ కథ. వాళ్ళవిగా నమ్మే అస్థికలు ఇటలీలోని మిలాన్‌లో ఉండేవి. జర్మన్ చక్రవర్తి బర్బరోస్సా మిలాన్‌ని ఓడించాక, ఆయన దగ్గర ఛాన్సలర్‌గా ఉన్న కొలోన్ ఆర్చ్‌బిషప్పు రైనాల్డ్ ఫాన్ డాసెల్ 1164లో వాటిని కొలోన్‌కి తెచ్చేశాడు. సూటిగా చెప్పాలంటే యుద్ధంలో కొల్లసొమ్ము. దాంతో కొలోన్ దశ తిరిగింది. యూరప్ నలుమూలల నుంచీ యాత్రికులు రావడం మొదలైంది. పట్టాభిషేకం అయిన జర్మన్ రాజులు కూడా ఇక్కడికొచ్చి మొక్కుకునేవారు. అస్థికల కోసం వెర్డున్ ఊరి నికొలస్ అనే స్వర్ణకారుడి ఆధ్వర్యంలో బంగారు పేటిక తయారు చేశారు. రెండు మీటర్ల పైన పొడవు, చిన్న చర్చి ఆకారం. ఇప్పటికీ ప్రధాన పీఠం వెనక గాజు పెట్టెలో మెరుస్తూ ఉంటుంది.

ఇంత పెద్ద పేటికకి పాత చర్చి సరిపోదనుకున్నారు. ఆ పాతదాన్ని కొంత పడగొట్టాలని 1248 ఏప్రిల్‌లో ఓ పక్క నిప్పు పెడితే, అదుపు తప్పి చర్చిలో చాలా భాగం కాలిపోయింది. (ప్రొడక్షన్‌లో నేరుగా డిలీట్ కొట్టడం మన కాలంలో పుట్టిన జబ్బు కాదు.) మూడున్నర నెలల్లో కొత్తదానికి పునాది పడింది. ఆర్చ్‌బిషప్పు కోన్‌రాడ్ ఫాన్ హోఖ్‌స్టాడెన్ శంకుస్థాపన చేశాడు. మొదటి మేస్త్రీ పేరు గెర్హార్డ్. మేస్త్రీ అంటే ఇప్పటి లెక్కలో ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు, సైటు మేనేజరు, ముగ్గురూ ఒకడే.

గెర్హార్డ్‌కి ఫ్రాన్సులో అప్పటికే లేస్తున్న అమియాఁ కెథడ్రల్ బాగా తెలుసని ఈ కట్టడం చూస్తేనే అర్థమవుతుంది. గోథిక్ అంటే అలంకారం అనుకుంటాం గానీ అది ముందు లోడు ఎటు పోవాలనే ఆలోచన. అంతకు ముందు మందపాటి గోడలే కప్పు బరువంతా మోసేవి కాబట్టి కిటికీలు చిన్నవి, లోపల చీకటి. గోథిక్‌లో గుండ్రటి కమాను బదులు మొనదేలిన కమాను వాడారు. బరువు పక్కలకి తక్కువగా తోసి, ఎక్కువగా కిందికి దిగుతుంది. మిగిలిన ఆ పక్క తోపుడిని బయటి నుంచి ఆనించిన రాతి ఊతలు పట్టుకుంటాయి. ఎండాకాలం చలువ పందిరికి బయట నుంచి వాలుగా కర్రలు పోటు పెడతాం చూడండి, అలాగ. అప్పుడిక గోడకి మోసే పని ఉండదు. గోడ తీసేసి అద్దం పెట్టొచ్చు. లోపల 43 మీటర్ల ఎత్తున కప్పు, దాని కింద నిలువెత్తు రంగుటద్దాల్లోంచి వచ్చే వెలుగు. బయట నల్లగా భయపెట్టేది లోపలికెళ్ళాక తేలిపోతున్నట్టుంటుంది. దైవభక్తి లేని వాడికి కూడా కాసేపు మాట పడిపోతుంది. అది సరిగ్గా అందుకోసమే కట్టింది కదా.

తూర్పు భాగం, అంటే ప్రధాన పీఠం ఉండే వైపు, 1322లో పూర్తయి పూజలు మొదలయ్యాయి. మిగతాది కడుతున్నారు కాబట్టి దుమ్ము రాకుండా పడమటి వైపు ఓ తాత్కాలిక గోడ కట్టారు. ఈ 'తాత్కాలిక' గోడని తీసింది 1863లో! టెంపరరీ ఫిక్సులు ఎంతకాలం బతుకుతాయో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఆపైన దక్షిణపు టవరు మొదలుపెట్టి, 15వ శతాబ్దం మొదట్లోకి వచ్చేసరికి 60 మీటర్లకి కాస్త తక్కువ దాకా లేపి, గంటలు కట్టారు. అక్కడ నుంచి పని నీరసించింది. 1528 తర్వాత దాదాపు ఏమీ లేదు. 1560లో చర్చి పాలకవర్గం డబ్బులివ్వడం మానేసింది.

ఎందుకాగింది? ఒక్క కారణం కాదు. మార్టిన్ లూథర్ తిరుగుబాటు తర్వాత యాత్రికుల రాక, కానుకల రాక తగ్గింది. గోథిక్ పాత ఫ్యాషనైపోయింది, ఇటలీ పద్ధతి కొత్త ఫ్యాషను. నా ఉద్దేశంలో అసలు కారణం ఇంకా సింపుల్. పేటికకి ఇల్లు దొరికింది. పూజలు జరుగుతున్నాయి. మొదటి క్లయింటుకి కావాల్సింది ఫేజ్ వన్‌లోనే వచ్చేసింది. ఇక ఫేజ్ టూకి డబ్బెవడు పెడతాడు?

అలా ఓ మొండెం ఇటు, ఓ మొండెం అటు, మధ్యలో పల్లపు కప్పుతో మూడొందల ఏళ్ళు గడిచాయి. 1794లో ఫ్రెంచి సైన్యం కొలోన్‌ని ఆక్రమించుకుంది. కొన్నాళ్ళు కెథడ్రల్‌ని గోదాములా వాడుకున్నారు. సైన్యం వచ్చేలోపు చర్చి దస్తావేజులు ఊరు దాటించే హడావిడిలో చాలా కాగితాలు చెల్లాచెదురయ్యాయి. అందులో ఒకటి ఈ కథకి ప్రాణం.

అది పడమటి ముఖభాగం డ్రాయింగు. 1280 ప్రాంతంలో గీసింది. కాగితం కాదు, చర్మపత్రం. పదకొండు ముక్కలు అతికించి నాలుగు మీటర్ల పైన పొడుగున, రెండు టవర్లూ, కిటికీలూ, శిఖరం మీది రాతి లతలతో సహా గీసిపెట్టారు. 1814లో దాని సగం డార్మ్‌స్టాట్ అనే ఊళ్ళో ఓ సత్రం అటక మీద దొరికింది. చిక్కుళ్ళు ఆరబోసుకోవడానికి వాడారని చెబుతారు. అది గెయార్గ్ మోలర్ అనే ఆర్కిటెక్టు చేతికొచ్చింది. రెండేళ్ళకి, 1816లో, మిగతా సగం ప్యారిస్‌లో బయటపడింది. పట్టుకున్నవాడు సుల్పిట్స్ బోయిసరే, కొలోన్ వ్యాపార కుటుంబం వాడు, ఈ చర్చి పూర్తవ్వాలని జీవితమంతా తిరిగిన మనిషి. గెటే అంతటి వాడిని ఒప్పించి తన వైపు తిప్పుకున్నాడు. రెండు ముక్కలూ కలిపితే అయిదొందల ఏళ్ళ నాటి డిజైన్ డాక్యుమెంటు చేతికొచ్చింది. ఇప్పుడది కెథడ్రల్‌లోనే ఓ చిన్న మందిరంలో తెర చాటున వేలాడుతోంది. నేను ఆ భవనంలో అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడింది దాని ముందే. కోడ్ రాసినవాళ్ళు పోయారు, కంపెనీ పోయింది, రాజ్యాలే పోయాయి. స్పెక్ మిగిలింది. ఆ స్పెక్ చూసి, దాదాపు గీత తప్పకుండా, ముక్కూ మొహం తెలియని వాళ్ళు పూర్తిచేశారు.

ఇక్కడి దాకా వింటే డాక్యుమెంటేషన్ గొప్పతనం మీద మేనేజరు క్లాసు పీకినట్టుంటుంది. అసలు తమాషా ఇక్కడ్నుంచే.

డ్రాయింగు దొరికితే కట్టేస్తారా? కట్టరు. ఎవరికో ఓ అవసరం ఉండాలి. 1814లో నెపోలియన్ ఓడిపోతున్నాడు. అప్పటికి జర్మనీ అనే దేశమే లేదు, ముప్ఫై నలభై రాజ్యాలు. యోసెఫ్ గ్యోరెస్ అనే పత్రికాధిపతి ఆ ఏడాదే తన పత్రికలో ఓ పిలుపు ఇచ్చాడు: ఫ్రెంచివాళ్ళ నుంచి విముక్తికి గుర్తుగా ఈ చర్చి పూర్తి చేద్దాం, ముక్కలైన జర్మనీలాగే ఇదీ ముక్కలుగా ఉంది, రెండూ ఒకటవ్వాలి అని. గోథిక్ అంటేనే జర్మన్ ఆత్మ అని అప్పట్లో చాలామంది నమ్మకం. గోథిక్ పుట్టింది ఫ్రాన్సులో. ఈ చర్చికి నమూనా కూడా ఫ్రెంచి చర్చే. ఫ్రెంచివాళ్ళ మీద గెలుపుకి గుర్తుగా ఓ ఫ్రెంచి డిజైన్‌ని కట్టడం చరిత్ర వేసిన జోకుల్లో మంచిదొకటి.

1815లో కొలోన్ ప్రష్యా చేతికొచ్చింది. ప్రష్యా రాజులు ప్రొటెస్టెంట్లు, కొలోన్ జనం క్యాథలిక్కులు. ఇద్దరికీ పడేది కాదు. క్యాథలిక్, ప్రొటెస్టెంట్ దంపతులకు పుట్టే పిల్లలు ఎవరి మతంలో పెరగాలన్న తగాదా ముదిరి 1837లో ప్రభుత్వం కొలోన్ ఆర్చ్‌బిషప్పునే అరెస్టు చేసింది. ఊరు ఉడికిపోయింది. ఆ పుండు మీద పూసిన మందుల్లో ఒకటి ఈ కట్టడం. కొత్త రాజు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ నాలుగు, తాను ప్రొటెస్టెంటై ఉండి, 1842 సెప్టెంబరు 4న క్యాథలిక్ చర్చికి మళ్ళీ శంకుస్థాపన చేశాడు. అదే ఏడాది పౌరులు కెథడ్రల్ నిర్మాణ సంఘం పెట్టుకున్నారు. ఖర్చులో కొంత ప్రభుత్వం, మిగతాది జనం చందాలు. చందాలు చాలక 1860ల్లో లాటరీ కూడా పెట్టారు. దేవుడి పని లాటరీతో!

ఇదీ రెండో క్లయింటు. రాజుకి క్యాథలిక్కుల మనసు కావాలి. జాతీయవాదులకి దేశానికో గుర్తు కావాలి. క్యాథలిక్కులకి తమ గుడి కావాలి. ఒకే డ్రాయింగు చూసి ముగ్గురూ మూడు వేరే వేరే బిల్డింగులు ఊహించుకున్నారు. రిక్వైర్‌మెంట్ మీటింగుల్లో కూర్చున్న వాళ్ళకి ఇది కొత్త కాదు.

ఈ సందడిలో మనసు మార్చుకున్న వాడొకడున్నాడు. కవి హైన్‌రిష్ హైనే. యూదు కుటుంబంలో పుట్టినవాడు, ప్యారిస్‌లో ప్రవాసం. మొదట అక్కడ కెథడ్రల్ కోసం పెట్టిన సంఘంలో తానూ చేరాడు. రెండేళ్ళు తిరక్కుండానే, 1844లో రాసిన 'జర్మనీ: ఒక శీతాకాలపు కథ' అనే కావ్యంలో ఈ ప్రయత్నాన్ని ఏకిపారేశాడు. అది పూర్తికాకుండా మొండిగా మిగలడమే మేలని ఆయన వాదన. లూథర్ వచ్చి ఆపించిన పనిని మళ్ళీ మొదలుపెట్టడమంటే వెనక్కి నడవడమేనని ఆయన భయం. చర్చి విషయంలో ఆయన జోస్యం తప్పింది, అది పూర్తయింది. కానీ ఓ పాత కట్టడం చుట్టూ దేశభక్తి పోగైతే, ఆ దేశంలో ఎవరికి చోటుంటుంది ఎవరికి ఉండదు అన్న అనుమానం మాత్రం కొట్టిపారేసేది కాదు.

ఆ అనుమానానికి జవాబు ఆ గోడల్లోనే ఉంది. లోపల ఓ రాతి ఫలకం ఉంది, 1266 నాటిది. ఆర్చ్‌బిషప్పు యూదులకిచ్చిన హామీలు చెక్కించాడు, వాళ్ళ శ్మశానానికి రక్షణ, పన్నుల్లో న్యాయం, వడ్డీ వ్యాపారం మీద హక్కు. చదివితే ఎంత ఉదారమో అనిపిస్తుంది. అదే చర్చిలో 1310 ప్రాంతంలో చేసిన చెక్క ఆసనాల మీద యూదుల్ని పందితో కలిపి హీనపరిచే బొమ్మ ఉంది. 1349లో కొలోన్ యూదుల పేటలో ఊచకోత. 1424లో మిగిలిన వాళ్ళని ఊళ్ళోంచి వెళ్ళగొట్టారు. రాతి మీద చెక్కిన హామీ ఆ రెండూ ఆపలేదు.

19వ శతాబ్దానికి రండి. పూర్తిచేసే పని నడిపిన మేస్త్రీ ఎర్న్‌స్ట్ ఫ్రీడ్రిష్ త్స్విర్నర్. కెథడ్రల్ నిర్మాణానికి మద్దతిచ్చిన వాళ్ళలో యూదు బ్యాంకరు అబ్రహాం ఓపెన్‌హైమ్ ఒకడు. అదే ఓపెన్‌హైమ్ తన డబ్బుతో ఊళ్ళో సినగాగ్ కట్టించాడు. దానికి డిజైన్ చేసింది ఇదే త్స్విర్నర్. 1861లో తెరిచారు. ఒకే చేతి మీద చర్చీ, సినగాగూ. కాసేపు అంతా మంచే జరుగుతుందేమో అనిపించే రోజులవి. 1938 నవంబరులో నాజీలు ఆ సినగాగ్‌ని తగలబెట్టారు. చర్చి నిలిచింది. ఒకే మేస్త్రీ కట్టినవి రెండు, ఒకదానికి ప్రపంచమంతటి నుంచీ టూరిస్టులు, రెండోదాని జాగాలో జ్ఞాపక ఫలకం. కట్టడంలో తేడా కాదిది. ఎవరి గుర్తుని దేశం తనదనుకుంది, ఎవరిది కాదనుకుంది, అదీ తేడా.

మళ్ళీ పని దగ్గరికొద్దాం. త్స్విర్నర్ బయటికి 13వ శతాబ్దాన్ని కట్టాడు గానీ, లోపల తన కాలపు ఇంజనీరే. చర్చి కప్పుకి చెక్క దూలాలు కాకుండా ఇనప చట్రం వేయించాడు, 1860 ప్రాంతంలో. ఐఫిల్ టవరుకి దాదాపు మూడు దశాబ్దాల ముందు. ఇంటర్‌ఫేసు పాతది, ఇంప్లిమెంటేషన్ కొత్తది. 1861లో ఆయన పోయాక ఫోయ్‌గ్టెల్ అందుకున్నాడు. 1868లో ఆ ముసలి క్రేనుని దించేశారు. 1880లో రెండు టవర్లూ పూర్తయ్యేసరికి అది ప్రపంచంలోకెల్లా ఎత్తైన కట్టడం. ఆ రికార్డు నాలుగేళ్ళే, 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం దాటేసింది.

ఇక ప్రారంభోత్సవం. అప్పటికి జర్మనీ ఒక్కటైంది, చక్రవర్తి విల్‌హెల్మ్ ఒకటి. ప్రధాని బిస్మార్క్ క్యాథలిక్ చర్చి మీద చట్టాలతో యుద్ధం చేస్తున్న రోజులు. కొలోన్ ఆర్చ్‌బిషప్పు మెల్కర్స్ 1874లో జైలుకెళ్ళొచ్చి, తర్వాత నెదర్లాండ్స్‌కి పారిపోయి తలదాచుకున్నాడు. అంటే 632 ఏళ్ళు కట్టిన చర్చి గృహప్రవేశానికి ప్రొటెస్టెంట్ చక్రవర్తి వచ్చాడు, ఆ ఇంటి పూజారి మాత్రం ప్రవాసంలో ఉన్నాడు. ఊళ్ళో క్యాథలిక్కులు చాలామంది ఉత్సవానికి అంటీముట్టనట్టే ఉన్నారు. తమ గుడి, తమ చందాలు, పండగ మాత్రం వేరేవాళ్ళది.

గంట కథ కూడా చెప్పాలి. 1870-71 యుద్ధంలో ఫ్రెంచివాళ్ళ దగ్గర పట్టుకున్న ఫిరంగులు కరిగించి, సుమారు 27 టన్నుల 'చక్రవర్తి గంట' పోత పోశారు. 1918లో మొదటి ప్రపంచ యుద్ధానికి లోహం చాలక ఆ గంటనే మళ్ళీ కరిగించారు. ఫిరంగి గంటయింది, గంట తిరిగి యుద్ధానికి పోయింది. ఇప్పుడున్నది 1923 నాటి 24 టన్నుల పీటర్ గంట. ఊళ్ళోవాళ్ళు 'లావు పీటర్' అని పిలుస్తారు. 2011లో సరిగ్గా ముగ్గురు జ్ఞానుల పండగ రోజున దాని నాలిక ఊడిపడింది, ఎవరికీ ఏమీ కాలేదు.

మూడో క్లయింటుని ఎవరూ పిలవలేదు, యుద్ధం తీసుకొచ్చింది. కొలోన్ మీద 262 సార్లు వైమానిక దాడులు జరిగాయి. 1942 మే 30 రాత్రి బ్రిటిష్ వాళ్ళు వెయ్యి విమానాలతో వచ్చింది ఈ ఊరి మీదికే. ఊరి నడిబొడ్డు దాదాపు నేలమట్టమైంది. కెథడ్రల్‌ని పైలట్లు కావాలనే వదిలేశారని కథలు చెబుతారు గానీ, దాని మీద 14 పెద్ద బాంబులే పడ్డాయి. కప్పులు కూలాయి, కిటికీలు పోయాయి, నిలువు చట్రం మాత్రం నిలబడింది. త్స్విర్నర్ ఇనప చట్రం అగ్గిబాంబులకి మండలేదు. 1943లో ఉత్తరపు టవరు కింద ఓ పెద్ద స్తంభం చెక్కలు లేచిపోతే, టవరు ఒరిగిపోకుండా సైన్యం మనుషులు హడావిడిగా వేల ఇటుకలతో పూడ్చారు. 1945 నాటి ఫోటోలు చూడండి. చుట్టూ శిథిలాలు, రైన్‌లో కూలిన వంతెన, మధ్యలో ఈ నల్లటి జంట టవర్లు. అప్పటి నుంచి అది దేశ గౌరవానికో రాజు గొప్పకో గుర్తు కాదు. 'మేమింకా ఉన్నాం' అనడానికి గుర్తు. అర్థం మళ్ళీ మారింది. రాయి మారలేదు.

ఆ ఇటుకల అతుకు అరవై ఏళ్ళ పాటు అలాగే కనపడుతూ ఉండేది. 2005 నాటికి దాన్ని మళ్ళీ చెక్కిన రాళ్ళతో పాతరూపానికి తెచ్చారు. యుద్ధం గాయం కనపడాలి, దాచకండి అని కొందరు అభ్యంతరం చెప్పారు. నా ఓటు వాళ్ళకే. 1280 నాటి డ్రాయింగులో ఆ ఇటుకలు లేవు, నిజమే. కానీ 1943 జరిగింది కదా. స్పెక్‌లో లేదని జరిగినదాన్ని చెరిపేస్తే, మిగిలేది చరిత్ర కాదు, బ్రోచరు.

దానికి విరుగుడు లాంటిది రెండేళ్ళకే అదే చర్చిలో జరిగింది. దక్షిణం వైపు పెద్ద కిటికీ యుద్ధంలో పోయింది. 20వ శతాబ్దపు అమరుల బొమ్మలు పెట్టాలని మొదట అనుకున్నారు. పని ఒప్పుకున్న చిత్రకారుడు గెర్హార్డ్ రిష్టర్ బొమ్మలు మానేసి, 72 రంగుల్లో పదకొండు వేల పైచిలుకు చదరపు గాజు బిళ్ళలు పేర్చాడు. ఏ రంగు ఎక్కడ రావాలన్నది చాలా మటుకు కంప్యూటరు ర్యాండమ్‌గా తేల్చింది. మన ర్యాండమ్ ఫంక్షను ఓ గోథిక్ చర్చి కిటికీలోకి ఎక్కిందన్నమాట! 2007లో తెరిచినప్పుడు అప్పటి ఆర్చ్‌బిషప్పు మైస్నర్‌కి అస్సలు నచ్చలేదు, అది మసీదుకి బాగుంటుందన్నట్టు మాట్లాడాడు. ఎండ పడ్డప్పుడు దాని కింద నిలబడితే రంగులు నేలంతా పాకుతాయి. ఎవరి దేవుడిదీ కాని వెలుగు. నాకైతే మధ్యయుగపు మేస్త్రీలు మెచ్చుకునేవారనిపించింది. వాళ్ళూ తమ కాలంలో దొరికిన అన్నిటికన్నా కొత్త పద్ధతే వాడారు కదా.

1996లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. నది అవతల ఎత్తైన బిల్డింగులు కడతామంటే 2004లో 'ప్రమాదంలో ఉన్నవి' జాబితాలోకి మార్చింది, ప్లాను తగ్గించాక 2006లో తీసేసింది. 2015 జనవరిలో ముస్లిం వలసదారులకి వ్యతిరేకంగా ఓ గుంపు కెథడ్రల్ దగ్గర ఊరేగింపు పెట్టుకుంటే, చర్చి పెద్దలు ఆ సాయంత్రం కెథడ్రల్ దీపాలన్నీ ఆర్పేశారు. మీ ఫోటోకి మేం బ్యాక్‌గ్రౌండు కాము అని చెప్పడం అది. రాజులకీ జాతీయవాదులకీ శతాబ్దం పాటు బ్యాక్‌గ్రౌండుగా నిలబడ్డ కట్టడం ఒక్క స్విచ్చుతో కాదనగలిగింది. 1880లో ఆ మాట అనగలిగే స్థితిలో చర్చి లేదు.

ఇంతా చెప్పి నేననేది ఇదీ. ఏ పాత కట్టడం ముందు నిలబడినా మనం అడిగే ప్రశ్న ఒకటే: ఎవరు కట్టారు? జవాబు రాగానే, అయితే ఇది ఫలానా వాళ్ళది అని తీర్పు చెప్పేస్తాం. కొలోన్ విషయంలో ఆ ప్రశ్నకి జవాబే లేదు. కొల్లగొట్టిన అస్థికల కోసం ఓ ఆర్చ్‌బిషప్పు మొదలుపెట్టాడు. ఫ్రెంచి పద్ధతిలో ఓ జర్మన్ మేస్త్రీ కట్టాడు. పరాయి మతం రాజు డబ్బిచ్చాడు. లాటరీ టిక్కెట్లు కొన్న వాళ్ళు కట్టారు. యూదు బ్యాంకరు చెయ్యేశాడు. ఇటుకలు పేర్చిన సిపాయిల పేర్లు ఎవరికీ తెలియవు. 'ఇది మా పూర్వీకులది' అనే హక్కు వీళ్ళందరి మనవలకీ సమానంగా ఉంది, లేదా ఎవరికీ లేదు. కాబట్టి ఎవరు కట్టారు అన్నదాని వెనకే ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగాలి. ఎవరు పూర్తిచేశారు? ఏం కావాలని పూర్తిచేశారు? చాలాసార్లు మన చేతికొచ్చే 'ప్రాచీనం' ఆ రెండో వాళ్ళు పాలిష్ పెట్టి ఇచ్చినదే.

కెథడ్రల్ ఎప్పుడు పూర్తయితే అప్పుడు లోకం అంతమవుతుందని కొలోన్‌లో ఓ నానుడి ఉంది. అందుకే కాబోలు వాళ్ళకి తొందరేం లేదు. వానా పొగా రాయిని తినేస్తూనే ఉంటాయి. శిల్పులు, అద్దాల పనివాళ్ళు, కమ్మరులు, పరంజా కట్టేవాళ్ళు, వంద మంది దాకా అక్కడే సొంత వర్క్‌షాపులో ఏడాది పొడుగునా పనిచేస్తారు. ఏదో ఓ మూల పరంజా లేకుండా ఆ చర్చిని చూడటం అసాధ్యం. 2019లో ప్యారిస్‌లో నోత్ర్ డామ్ కాలిపోయినప్పుడు దాని నాలుగు పెద్ద కిటికీలు బాగుచేసి పంపింది ఈ కొలోన్ వర్క్‌షాపే. ఫ్రెంచివాళ్ళ మీద గెలుపుకి గుర్తుగా పూర్తిచేసిన చర్చి మనుషులు ఫ్రెంచి చర్చి అద్దాలు తుడిచి, అతికి, తిరిగి పంపించారు. 1814 నాటి పిలుపులో ఈ ఫీచరు లేదు. ఆ బిల్డింగుకి ఇప్పటిదాకా దొరికిన క్లయింట్లలో నాకు నచ్చింది ఈ చివరివాళ్ళే.